ట్వైలైట్ నవలను ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవడం ఎలా? వానను, కళ్ళ రంగును పట్టుకోండి

"అత్తా, నలభై పేజీలు చదివినాను. లైనుకొకసారి డిక్షనరీ తీస్తాండాను. అయినా కథ ఏందో తెలీలేదు." చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతికి వచ్చి డిగ్రీ చదువుకునే మా అన్న కూతురు అన్న మాట ఇది. ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద కూర్చుని ఇంగ్లీషు నవలలు చదివే పిల్లలు కూడా దాదాపు ఇదే అడుగుతారు. సినిమా చూసి మోజు పడి పుస్తకం కొంటారు, రెండో చాప్టర్ దాటక ముందే పక్కన పెట్టేస్తారు. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా, ఒక్కచోట రాసి పెడుతున్నాను.

స్టెఫనీ మేయర్ రాసిన ట్వైలైట్ 2005లో వచ్చింది. 17 ఏళ్ళ బెల్లా, అమెరికాలో ఎండలు మండే ఫీనిక్స్ ఊరు వదిలి, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో ఉన్న తండ్రి దగ్గరికి వస్తుంది. అక్కడి స్కూల్లో ఎడ్వర్డ్ కనిపిస్తాడు. అతను రక్తపిశాచి. ఇంతమాత్రం ముందే తెలిసినా చదివే సరదా ఏమీ తగ్గదు. ఈ నవలలో ఉత్కంఠ "అతను ఎవరు" అన్నదాని మీద నిలబడలేదు. ఆ సంగతి ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు అన్నదాని మీద నిలబడింది.

ఏమేం కావాలి

పుస్తకం, మెత్తటి పెన్సిల్, ఒక నోటుబుక్కు. అప్పుడే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి, ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ లాంటిది. ఫోన్‌లో ఉన్నా సరే. పాత ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులను మాత్రం మొదట తెరవకండి. వాటిలో చాలా మాటలకు గ్రాంథికంలో అర్థం ఉంటుంది, ఆ అర్థానికి మళ్ళీ అర్థం వెతుక్కోవాలి. మాట అర్థమయ్యాక, దానికి సరిపోయే తెలుగు మాట కోసం ఆంధ్రభారతి వెబ్‌సైట్ లాంటి చోట చూసుకోండి. అప్పుడు అవి బాగా పనికొస్తాయి.

నవలలో 24 చాప్టర్లు, ముందొక ప్రిఫేస్, చివరొక ఎపిలోగ్ ఉంటాయి. మొత్తం దాదాపు 500 పేజీలు. రెండు రోజులకో చాప్టర్ చొప్పున చదివితే నెలన్నరకు కాస్త పైన పడుతుంది. కాలేజీ పరీక్షలు నెత్తిన ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. మధ్యలో వదిలేసిన పుస్తకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకోవడం చాలా కష్టం.

ఎలా చదవాలి

1. ప్రిఫేస్‌ను దాటేయండి.

మొదటి పేజీలో బెల్లా తన చావు గురించి మాట్లాడుతుంది. ఎదురుగా ఒక వేటగాడు ఉంటాడు. పేజీ తిప్పితే ఆమె ఎయిర్‌పోర్టుకు వెళుతూ ఉంటుంది. "ఇప్పుడే చావబోతోంది కదా, ఎయిర్‌పోర్టు ఎక్కడినుంచి వచ్చింది?" అని తికమకపడి, అక్కడే మూడు సార్లు చదివి విసిగిపోయినవాళ్ళు నాకు బాగా తెలుసు. ప్రిఫేస్‌లో ఉన్నది కథ చివరి భాగంలోని ముక్క. 22వ చాప్టర్‌కు ముందు జరిగేవన్నీ చదివితేనే దానికి అర్థం. అందుకని దాన్ని వదిలి నేరుగా మొదటి చాప్టర్‌కు వెళ్ళండి. 21 పూర్తయ్యాక వెనక్కి వచ్చి చదువుకోండి.

2. నోటుబుక్కు మొదటి పేజీలో మనుషుల పట్టీ రాయండి.

ఇక్కడ పిల్లలు రెండు చోట్ల జారిపడతారు.

ఒకటి, చార్లీ. కథ చెప్పేది బెల్లానే. చెప్పేటప్పుడు తండ్రిని "చార్లీ" అంటుంది, ఎదురుగా ఉన్నప్పుడు "డాడ్" అంటుంది. మన ఇళ్ళలో నాన్నను పేరు పెట్టి పిలవడం ఊహకే అందదు కాబట్టి, చార్లీ, డాడ్ ఇద్దరు వేరువేరు మనుషులనుకుని సగం పుస్తకం చదివేసిన అమ్మాయి ఒకరు మా దగ్గర ఉంది. చార్లీ ఆ ఊరి పోలీస్ చీఫ్, మన టౌన్ సి.ఐ. లాంటి మనిషి అనుకోండి. తల్లి రెనీ, ఆమె కొత్త భర్త ఫిల్. ఫిల్ బేస్‌బాల్ ఆటగాడు.

రెండు, కల్లెన్ కుటుంబం. దీనికి రెండు గడులు గీయండి. మొదటి గడిలో ఊరివాళ్ళు అనుకునేది: డాక్టర్ కార్లైల్, ఆయన భార్య ఎస్మీ, వాళ్ళు పెంచుకుంటున్న అయిదుగురు పిల్లలు. ఎడ్వర్డ్, ఎమ్మెట్, ఆలిస్ దత్తత పిల్లలు, రోజలీ, జాస్పర్ కవలలు. రెండో గడిలో అసలు సంగతి: వీళ్ళెవరికీ రక్తసంబంధం లేదు. రోజలీ–ఎమ్మెట్ ఒక జంట, ఆలిస్–జాస్పర్ ఒక జంట. "ఒకే ఇంట్లో పెరిగే అన్నాచెల్లెళ్ళు జంటలేంటి?" అని మీకు వచ్చే ఇబ్బంది ఆ స్కూల్లోని పిల్లలకూ వస్తుంది. జెస్సికా అనే అమ్మాయి ఆ విషయాన్ని గుసగుసగా చెప్పేది అందుకే. మీరు పొరపాటుగా చదవలేదు, కంగారు పడకండి.

3. అమెరికా స్కూలు మాటలను మన మాటలతో ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కువ సేపు పట్టదు. "జూనియర్" అంటే 11వ తరగతి, అచ్చం మన జూనియర్ ఇంటర్. "సీనియర్" అంటే 12. "జిమ్" అంటే బరువులెత్తే చోటు కాదు, పీటీ పీరియడ్. "ప్రామ్" అంటే ఏడాది చివర స్కూలు పెట్టే డ్యాన్స్ వేడుక. బెల్లా నడిపే "ట్రక్" లారీ కాదు. మదనపల్లె నుంచి టమోటాలు వేసుకొచ్చే పికప్ బండి చూసి ఉంటారు కదా, ఆ తరహాది, బాగా పాతది. దాన్ని లారీ అనుకుంటే ఒక 17 ఏళ్ళ పిల్ల స్కూలుకు లారీ తోలుకుంటూ వెళ్ళినట్టు బొమ్మ కడుతుంది, ఆ తర్వాత ఏ సీనూ కుదరదు.

బేస్‌బాల్ రూల్స్ నేర్చుకోనక్కర్లేదు. 17వ చాప్టర్‌లో ఆట వస్తుంది. ఉరుములు ఉన్నప్పుడే వాళ్ళు ఎందుకు ఆడతారో పట్టుకుంటే చాలు: వాళ్ళు బంతిని కొట్టే చప్పుడు ఉరుములో కలిసిపోవాలి.

4. వాంపైర్‌ను "దయ్యం" అని అనువదించుకోకండి.

మన దయ్యం చనిపోయినవాళ్ళ ఆత్మ, ఒళ్ళుండదు, ఎవరినైనా పడుతుంది. కథల్లోని బేతాళుడు శవంలో దూరతాడు. వాంపైర్ ఈ రెండూ కాదు. ఒకప్పుడు మనిషిగా పుట్టి, కాటుతో మారిపోయి, అదే ఒంటితో మిగిలినవాడు. ఎడ్వర్డ్ 1918లో ఫ్లూ జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నప్పుడు కార్లైల్ అతన్ని మార్చాడు. అప్పటి నుంచి 17 దగ్గరే ఆగిపోయాడు.

ఈ నవలకంటూ కొన్ని నియమాలున్నాయి. పాత సినిమాల్లో చూసినవి ఇక్కడ చెల్లవు. వీళ్ళు శవపేటికల్లో పడుకోరు, అసలు నిద్రే పోరు. శిలువకు భయపడరు. ఎండ తగిలితే కాలిపోరు, ఒళ్ళు తళతళ మెరుస్తుంది. కొందరికి ప్రత్యేకమైన శక్తులుంటాయి: ఎడ్వర్డ్‌కు ఎదుటివాళ్ళ మనసులో మాట వినిపిస్తుంది, ఒక్క బెల్లాది తప్ప. ఆలిస్‌కు జరగబోయేది కనిపిస్తుంది. జాస్పర్ చుట్టూ ఉన్నవాళ్ళ ఉద్వేగాన్ని మార్చగలడు.

కల్లెన్ కుటుంబం తమను "వెజిటేరియన్" అని చెప్పుకుంటుంది. తిరుపతిలో ఈ మాట చదివి పప్పూ కూరా అనుకునే ప్రమాదం ఎక్కువ. అక్కడ దాని అర్థం, మనుషుల జోలికి పోకుండా అడవి జంతువుల రక్తంతో సరిపెట్టుకోవడం. అది వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటూ వాడుకునే మాట.

ఇక్కడొక చిట్కా. ఎడ్వర్డ్ తన ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు సగం సంభాషణ కనిపించదు. అతను జవాబు చెబుతాడు, ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. ఏదో లైను వదిలేశామని వెనక్కి వెళ్ళకండి. ప్రశ్న మనసులో అడిగారు, అతను పైకి జవాబిచ్చాడు.

5. ప్రతి చాప్టర్‌కూ రెండే గడులు నింపండి: వాతావరణం, కళ్ళ రంగు.

నేను చెప్పేదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ మరిచిపోయినా ఇది చేయండి.

చాలామంది వర్ణన వచ్చిందంటే దూకేసి సంభాషణల మీదికి పోతారు. వేరే నవలల్లో అది చెల్లుతుందేమో గానీ ఇందులో కథ వర్ణనలోనే నడుస్తుంది.

ముందు వాన. మనకు వాన పడితే పండగ. రాయలసీమలో పెరిగినవాళ్ళకు మబ్బు కమ్మితే మనసు తేలికవుతుంది. కాబట్టి ఫోర్క్స్‌లో వాన గురించి చదివినప్పుడు మనకు తెలియకుండానే హాయిగా అనిపిస్తుంది. బెల్లాకు దిగులు. ఏడాదికి 100 అంగుళాలకు పైగా వాన పడే ఊరది. మన తిరుపతిని 2021 నవంబరులో ముంచెత్తినట్టు ఒక్కసారిగా కుమ్మరించేది కాదు, నెలల తరబడి సన్నగా పడుతూనే ఉండేది. డిసెంబరు తెల్లవారుజామున తిరుమల కొండ మీద పొగమంచు, చెట్లకు పట్టిన నాచు, తడి చలి గుర్తు చేసుకోండి. అది ఏడాదిలో చాలా భాగం అలాగే ఉంటే ఎలా ఉంటుందో, అది ఫోర్క్స్. బెల్లా వచ్చింది మన మే నెల లాంటి ఎండల్లోంచి. ఆ ఎండ కోసం ఆమె బెంగపడుతుంది. ఇది పట్టుకోకపోతే మొదటి చాప్టర్ మొత్తం అర్థం తిరగబడుతుంది.

వాతావరణానికి ఇంకో పని కూడా ఉంది. ఎండ కాసిన రోజు కల్లెన్ పిల్లలు స్కూలుకు రారు. ఎందుకో మీకిప్పుడు తెలుసు, మెరిసిపోతారు. ఇక వరుసగా చూడండి. మంచు పడిన మర్నాడు రోడ్లు గడ్డకట్టి, వ్యాను జారి బెల్లా మీదికి వస్తుంది. ఎండ కాసిన రోజుల్లో ఎడ్వర్డ్ కనిపించక ఆమె తల్లడిల్లుతుంది. ఎండ ఉన్న పచ్చికబయలులో అతను మొదటిసారి తన ఒంటిని చూపిస్తాడు. ఉరుముల్లో ఆట జరుగుతుంది, అక్కడికే శత్రువు వస్తాడు. చివరికి కథ ఫీనిక్స్ ఎండలోకి వెళుతుంది, అక్కడ ఆమెను కాపాడేవాళ్ళు పగలు గది దాటి బయటికి రాలేరు. వాతావరణం గడి ఒక్కటి నింపినా సగం కథ మీ చేతిలో ఉన్నట్టే.

తర్వాత కళ్ళు. కల్లెన్ల కళ్ళు ఆకలి మీద నల్లగా ఉంటాయి. వేటాడి వచ్చాక బంగారు రంగుకు మారతాయి. ఈ రంగులకు రచయిత్రి వాడే మాటలు టోపాజ్, ఓకర్, గోల్డ్, బటర్‌స్కాచ్. డిక్షనరీలో టోపాజ్‌కు "పుష్యరాగం" అని ఉంటుంది. రాయి గురించి ఆలోచించకండి, తేనె రంగు అనుకోండి. మనుషుల రక్తం తాగేవాళ్ళ కళ్ళు ముదురు ఎరుపులో ఉంటాయి. 18వ చాప్టర్‌లో కొత్తగా ముగ్గురు వచ్చినప్పుడు, ఎవరూ ఏమీ చెప్పకముందే వాళ్ళ కళ్ళను బట్టి మీకు అర్థమైపోవాలి.

ఒక సీనును దగ్గరగా చూద్దాం. మొదటి చాప్టర్, బయాలజీ క్లాసు. ఖాళీగా ఉన్నది ఎడ్వర్డ్ పక్క సీటు ఒక్కటే. బెల్లా వచ్చి కూర్చుంటుంది. అతను కుర్చీ చివరికి జరిగిపోతాడు, మొహం తిప్పేసుకుంటాడు, పిడికిలి బిగించి క్లాసంతా అలాగే ఉంచుతాడు. కళ్ళు నల్లగా ఉన్నాయని రాసి ఉంటుంది. తన దగ్గర ఏదైనా వాసన వస్తోందేమోనని బెల్లా జుట్టు వాసన చూసుకుంటుంది. షాంపూ తాలూకు స్ట్రాబెరీ వాసన, అంతే. బెల్లు కొట్టగానే అతను లేచి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఆఫీసులో చూస్తే, తన బయాలజీ క్లాసు వేరే టైముకు మార్చమని అడుగుతూ ఉంటాడు.

మా మేడ మీద పిల్లలను "ఇక్కడ ఏం జరిగింది?" అని అడిగితే, "అబ్బాయికి పొగరు" అని కొందరు, "అమ్మాయి నచ్చలేదు" అని కొందరు చెప్పారు. బెల్లా కూడా అట్లానే అనుకుంటుంది. మీరు గడిలో "కళ్ళు: నలుపు" అని రాసుకుని ఉంటే, తర్వాతి వారం అతను తిరిగి వచ్చినప్పుడు "కళ్ళు: బంగారం" అని రాస్తారు. బెల్లా కూడా ఆ తేడా గమనించి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నావా అని అడుగుతుంది. రెండు గడులు పక్కపక్కన చూడండి. మొదటి రోజు అతను కోపంగా లేడు. ఆకలిగా ఉన్నాడు. ఆమె రక్తం వాసనకు అదుపు తప్పకుండా తనను తాను కట్టేసుకుని కూర్చున్నాడు. ఆ సంగతి అతని నోటి నుంచి వచ్చేది 13వ చాప్టర్‌లో. గడి నింపినవాళ్ళకు రెండో చాప్టర్‌లోనే అనుమానం వస్తుంది.

6. ప్రతి మాటకూ డిక్షనరీ తీయకండి. మూడు చుక్కల పద్ధతి పాటించండి.

తెలియని మాట మొదటిసారి కనిపిస్తే కింద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి ముందుకు పొండి. రెండోసారి కనిపిస్తే రెండు చుక్కలు. మూడోసారి కనిపించినప్పుడు మాత్రం డిక్షనరీ తీసి నోటుబుక్కులో రాసుకోండి. మూడుసార్లు రాని మాట మీకు ఇప్పుడు అవసరం లేదు. చాప్టర్‌కు అయిదు మాటలకు మించకూడదు. 24 చాప్టర్లకు 120 మాటలవుతాయి, ఈ పుస్తకానికి అవి బాగానే సరిపోతాయి.

హెచ్చరిక: ఒక పేజీలో పదిహేను దాటి తెలియని మాటలు వస్తుంటే ఈ పుస్తకం మీకు ఇంకా కాస్త బరువు. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. పిల్లల కోసం తేలిక ఇంగ్లీషులో రాసిన చిన్న నవలలు రెండు చదివి రండి.

7. మాటలను ఒంటరిగా రాయకండి, గుంపులుగా రాయండి.

ఈ నవలలో చూపులు, గొంతులు, మొహాలు విపరీతం. అక్షరక్రమంలో రాసుకుంటే ఏదీ గుర్తుండదు.

చూపుల గుంపు. గ్లాన్స్: ఒక చూపు విసరడం. పీక్: తొంగి చూడటం, దొంగచూపు. స్టేర్: తేరిపార చూడటం. గేజ్: చూపు తిప్పకుండా, ఇష్టంగా చూడటం. గ్లేర్: గుడ్లురమడం. స్కౌల్: కనుబొమలు ముడేసి చిరాకుగా చూడటం. గ్లౌయర్ (glower): మొహం మాడ్చుకుని కోపంగా చూడటం. మన తెలుగులో ఓరచూపు, కొనచూపు, వాలుచూపు అని ఎన్ని లేవు! అన్నమయ్య శృంగార సంకీర్తనలు విన్న చెవులకు చూపుల్లో ఇన్ని రకాలుంటాయంటే వింత కాదు. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషు అర్థం బట్టీ కొట్టే బదులు, ఆ చూపు మీ ఇంట్లో ఎవరిదో గుర్తు చేసుకోండి. మా పిల్లల్లో ఒకరు గ్లౌయర్ పక్కన "పాలు పొంగినప్పుడు అమ్మ" అని రాసుకుంది. ఇక ఆ మాటను ఎప్పటికీ మరిచిపోదు.

గొంతుల గుంపు. విస్పర్: గుసగుస. మర్మర్: మెత్తగా, మెల్లగా అనడం. మంబుల్: నోట్లో నోట్లో నసగడం. మటర్: గొణగడం. హిస్: బుస కొట్టినట్టు అనడం. గ్రౌల్: గుర్రుమనడం. స్నార్ల్: పళ్ళు బయటపెట్టి గుర్రుమనడం. చివరి మూడూ వచ్చాయంటే మర్యాద ముసుగు జారిందని గుర్తు, అక్కడ ఆగి ఎవరు ఎవరి మీద అన్నారో రాసుకోండి.

నవ్వుల గుంపు చిన్నది. గ్రిన్: పళ్ళు కనిపించేలా నవ్వడం. చకుల్: లోలోపల నవ్వుకోవడం. స్నికర్: ఎదుటివాళ్ళను చూసి కిసుక్కుమనడం. స్మర్క్: నేను గెలిచాను చూశావా అన్నట్టు మూతి పక్కకు నవ్వడం.

మనసుల గుంపు. ఇన్‌క్రెడ్యులస్: నమ్మలేనట్టు. షగ్రిన్: చిన్నబోవడం, పరువు పోయినట్టుండే ఇబ్బంది. సలన్: ముభావం. లివిడ్: కోపంతో మండిపోవడం. స్మగ్: తనను తాను మెచ్చుకునే మొహం. వేరీ: జంకుతూ జాగ్రత్తపడటం. ఈ "వేరీ"ని "చాలా" అనే వెరీతో, "అలిసిపోయిన" అనే వియరీతో కలిపేసుకుంటారు. స్పెల్లింగ్ ఒకసారి చూసి రాసుకోండి.

ఒంటి కదలికలను మక్కికి మక్కి తెలుగు చేయకండి. "కళ్ళు దొర్లించాడు" అని రాసింది మా అన్న కూతురు. ఇంగ్లీషులో కళ్ళు తిప్పడం అంటే విసుగు, "మొదలుపెట్టావా మళ్ళీ" అన్నట్టు. భుజాలెగరేయడం అంటే "ఏమో, ఏదైతేనేం" అనడం. దవడ బిగించాడంటే పళ్ళు బిగబట్టి కోపం మింగుతున్నాడు.

8. ఎవరికి ఏం తెలుసో రాసుకోండి.

అయిదో చాప్టర్ నుంచి మొదలుపెడితే చాలు. బయాలజీ క్లాసులో వేలు పొడిచి రక్తం గ్రూపు చూసే రోజు ఎడ్వర్డ్ క్లాసుకు రాడు. ఎందుకో మీకు తెలుసు, బెల్లాకు తెలియదు. ఆరో చాప్టర్‌లో, లా పుష్ బీచ్‌లో జేకబ్ అనే కుర్రాడు తన క్విల్యూట్ తెగ పాత కథలు చెబుతాడు. చెబుతున్నది నిజమని అతను నమ్మడు, వింటున్న బెల్లా నమ్మడం మొదలుపెడుతుంది. జేకబ్ తండ్రి బిల్లీకి అంతా తెలుసు. చార్లీకి చివరిదాకా ఏమీ తెలియదు. ఈ నాలుగు ముక్కలు నోటుబుక్కులో ఉంటే బిల్లీ వచ్చి గుమ్మంలో నిలబడే సీన్లు ఎందుకంత బిగువుగా ఉన్నాయో అర్థమవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చాలామందిని ఏడిపించి, తప్పుగా అర్థమయ్యేది 19వ చాప్టర్. బెల్లా ఇల్లు వదిలి వెళుతూ తండ్రిని దారుణంగా మాట్లాడుతుంది. "ఎంత పొగరు ఈ పిల్లకు" అని పుస్తకం మూసేసిన తల్లి ఒకావిడ నాతో వాదించింది కూడా. జేమ్స్ అనే వేటగాడు వెంటపడుతున్నాడు, చార్లీని అతని దారిలో లేకుండా చేయాలి, తండ్రి తన వెంట రాకుండా ఉండేంత గట్టిగా నొప్పించాలి. అందుకే, ఏళ్ళ క్రితం తల్లి ఇల్లు వదిలేటప్పుడు చార్లీతో అన్న మాటలనే ఆమె మళ్ళీ అంటుంది. ఆ మాటలు అంటున్నది ఎవరి నోరో, అవి మొదట ఎవరివో పట్టుకుంటే ఆ సీను మనసును కోసేస్తుంది. నాకు ఈ నవల మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది అదే.

బెల్లా వెటకారాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడం ఇంకో పొరపాటు. ఏదైనా చాలా బాగుందని ఆమె అన్నప్పుడు, ముందు నాలుగు లైన్లలో ఆమె మనసు ఎలా ఉందో చూసి అప్పుడు నమ్మండి.

సినిమా చూసి పుస్తకం చదివానని చెప్పేవాళ్ళు ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు. 2008 సినిమాలో శత్రువులు ముగ్గురూ మొదట్లోనే కనిపించి మనుషులను చంపుతుంటారు. పుస్తకంలో వాళ్ళు 18వ చాప్టర్ దాకా రారు. సినిమా తప్పకుండా చూడండి, పుస్తకం పూర్తయ్యాక చూడండి.

అమ్మాయిలకు, వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఒక మాట

ఈ మొదటి భాగంలో అసభ్యమైన సీన్లు లేవు, ముద్దు దాకానే. నాలుగో భాగం మరికొంచెం పెద్దవాళ్ళకు. అయితే ఎడ్వర్డ్ రాత్రిళ్ళు చెప్పకుండా బెల్లా గదిలోకి వచ్చి ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. కథలో దాన్ని ప్రేమగా రాశారు. బయట ఒక మగవాడు, అమ్మాయి వద్దంటున్నా పదేపదే వెంటపడి మాట కలపబోతే, లేదా ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని కనిపెడుతూ ఉంటే, అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. నేను పిల్లలతో ఆ పేజీ దగ్గర ఆగి, "మీకు ఇట్లా జరిగితే ఏమనిపిస్తుంది?" అని అడుగుతాను. నవలను మెచ్చుకుంటూనే ఆ మాట మాట్లాడుకోవచ్చు. పుస్తకం లాక్కోవడం కన్నా ఆ పది నిమిషాలు మాట్లాడటం మేలు.

అర్థమైందో లేదో చూసుకోవడం

ఏడో చాప్టర్ పూర్తయ్యాక, పుస్తకం చదవని ఒకరికి కథను తెలుగులో అయిదు నిమిషాల్లో చెప్పండి. అమ్మమ్మకు చెప్పగలిగితే ఇంకా మంచిది, ఆమె అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. "మరి ఆ పిల్లాడు వ్యానును చేత్తో ఎట్లా ఆపినాడు?" అని ఆమె అడిగి, మీరు నీళ్ళు నమిలితే మూడో చాప్టర్ మళ్ళీ చదవాలి.

పుస్తకం పూర్తయ్యాక వీటికి నోటుబుక్కు చూడకుండా జవాబు చెప్పండి. మొదటి రోజు ఎడ్వర్డ్ క్లాసు ఎందుకు మార్చుకోబోయాడు? ఎండ రోజు కల్లెన్ పిల్లలు ఎక్కడికి పోతారు? బెల్లా మనసు ఎడ్వర్డ్‌కు వినిపించకపోవడం కథలో ఏం మార్చింది? బెల్లా తనంతట తాను ఫీనిక్స్‌లోని బ్యాలే స్టూడియోకు ఎందుకు వెళ్ళింది? చివరి ప్రశ్నకు "తల్లి అక్కడ ఉంది కాబట్టి" అంటే సగం మార్కులే. తల్లి నిజంగా అక్కడ ఉందా, ఆ గొంతు ఎక్కడిది అన్నది కూడా చెప్పగలగాలి. రాకపోతే 21, 22 చాప్టర్లు మరోసారి.

మాటల సంగతి ఇంకో రకంగా చూసుకోండి. బయాలజీ క్లాసు సీనుకు తిరిగి వెళ్ళి, డిక్షనరీ లేకుండా ఇరవై నిమిషాల్లో చదవండి. మొదటిసారి పెట్టిన చుక్కలు ఇప్పుడెన్ని అనవసరమో లెక్కపెట్టండి. సగానికి సగం తగ్గితే మీ పద్ధతి సరిగ్గా నడిచింది.

చదవడానికి కూర్చునే తీరిక లేనివాళ్ళు ఆడియో పుస్తకం వినవచ్చు. మా అన్న కూతురు చిత్తూరు బస్సులో ఒక చాప్టర్ వింటుంది, రాత్రి ఇంటికెళ్ళి అదే చాప్టర్ చదువుతుంది. వినడం ఒక్కటే అయితే చుక్కలు పెట్టలేరు, గడులు నింపలేరు. అందుకే రెండూ చేయమంటాను.

రెండో భాగం న్యూ మూన్ మొదలుపెట్టేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకచోట వరుసగా కొన్ని పేజీల మీద అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు. అది ప్రింటింగ్ తప్పు కాదు, పేజీలు ఊడిపోలేదు. ఎడ్వర్డ్ వెళ్ళిపోయాక బెల్లాకు ఆ నాలుగు నెలలూ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పుస్తకం షాపుకు తిరిగి పట్టుకెళ్ళకండి. ఆ ఖాళీ పేజీలను కూడా ఒక్కొక్కటిగా తిప్పి, తర్వాతి చాప్టర్‌కు వెళ్ళండి.